ఐదో క్వెరీకి జవాబు

పిల్లల ఆరోగ్య పథకం కార్యాలయం,
రెండో అంతస్తు, వాన వస్తే కారే మూల బల్ల.
ఇరవై రెండో తేదీ, బుధవారం.

మహారాజశ్రీ వకీలు గారి దివ్యసముఖానికి,

ఒకప్పుడు తమతో ఒకే హాస్టల్ గదిలో పడుకుని, ఒకే సబ్బు అరగదీసి, తమరు ఉతికి ఆరేసుకున్న చొక్కాలు అడక్కుండా తొడుక్కుని తిరిగిన పూర్వమిత్రుడు అనేక నమస్కారాలు చేసి రాయునదేమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరు క్షేమంగా లేరని నిన్న సాయంత్రం నాలుగున్నరకి అధికారికంగా తెలిసింది. అందుకు మిక్కిలి సంతోషిస్తున్నాను.

ఇంక ఈ తమరు, గారు నావల్ల కాదు. ఒరేయ్ వకీలూ, అయిపోయార్రా మీరు!

రేపో ఎల్లుండో మీ కంపెనీకి ఒక గోధుమరంగు కవరు వస్తుంది. ఎడమ మూల మా కార్యాలయం ముద్ర ఉంటుంది. దాన్ని నిలబడి చింపకు, కుర్చీ చూసుకుని కూర్చో. లోపల ఉన్నది ఒకే ఒక వాక్యం. గడువులోగా పూర్తి సమాచారం అందనందున మీ దరఖాస్తును మూసివేయడమైనదని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఎక్కడో చదివినట్టుందా? ఉంటుంది. అది నీ వాక్యమే. పద్దెనిమిది నెలల క్రితం నీ సంతకంతో మా అక్కకి వచ్చిన ఉత్తరంలోంచి ఒక్క చుక్క పోకుండా ఎత్తి రాశాను. టైపు చేసింది కూడా నేనే. ఒకే వేలితో కొట్టాను, ఆ సుఖం తొందరగా అయిపోకూడదని.

విషయం అర్థమయ్యే ఉంటుంది. మీ కంపెనీ కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పిల్లల వైద్యం మళ్లీ సర్కారే నేరుగా చూసుకుంటుంది. మీ రంగుల బోర్డు, నవ్వుతున్న పాప బొమ్మతో సహా, ఆసుపత్రి గోడ మీంచి దింపేస్తారు. ఆ నిచ్చెన నేనే పట్టుకుంటానని ఇప్పటికే చెప్పి ఉంచాను.

అసలు దీనికంతటికీ మూలం ఒక నాణెం. గుర్తుందా? ఆఖరి ఏడాది, కాలేజీ హాలు, వాదన పోటీ. విషయం: పేదింటి పిల్లల వైద్యం సర్కారే చూడాలా, బీమా కంపెనీకి అప్పగించాలా. మనిద్దరికీ ఏ అభిప్రాయమూ లేదు. ఆ రోజుల్లో వైద్యం గురించి మనకి తెలిసిందల్లా హాజరు తక్కువైనవాళ్లకి దొంగ సర్టిఫికెట్ ఏ డాక్టరు ఇస్తాడన్నదొక్కటే. హాస్టల్ మెట్ల మీద నాణెం ఎగరేసి పక్షాలు పంచుకున్నాం. నీకు కంపెనీ, నాకు సర్కారు.

నువ్వు ఎంత బాగా మాట్లాడావురా! సర్కారు ఆసుపత్రిలో మిషను చెడిపోతే నాలుగు నెలలు గుడ్డ కప్పి ఉంచుతారు, ఇదేమిటని అడిగే దిక్కుండదు, కంపెనీ అయితే అడిగేవాళ్లుంటారు అన్నావు. హాలంతా చప్పట్లు. వకీలు అన్న పేరు నీకు ఆ రోజే పడింది. నేను వైద్యం దయ కాదు, హక్కు అని బల్ల గుద్దితే నీళ్ల గ్లాసు ఎగిరి న్యాయనిర్ణేత ఒళ్లో పడింది. నీకు కప్పు, నాకు ఓదార్పు బహుమతిగా గోడ గడియారం. ఆ కప్పు చూపించే నువ్వు ఆ ఉద్యోగం సంపాదించావు. క్లెయిములు పరిశీలించే విభాగం, క్వెరీల బల్ల. అంటే దరఖాస్తు పెట్టినవాళ్లని ప్రశ్నలడిగే పని. నువ్వు చెప్పింది నిజమేరా. కంపెనీ దగ్గర అడిగేవాళ్లుంటారు. అడుగుతూనే ఉంటారు.

ఇప్పుడు పిచ్చుక సంగతి. నీకు తెలియని సంగతులు కావు, అయినా రాస్తాను. పగ అన్నాక పూర్వాపరాలు ఉండాలి.

మా అక్క కూతురు పిచ్చుక ఉయ్యాల్లో ఉండగా గిలక్కాయ తెచ్చింది నువ్వే. దాన్ని చెవి దగ్గర ఎంత ఊపినా పిల్ల కదిలేది కాదు. దీని నిబ్బరం చూడవే అక్కా, బాంబు పడ్డా లేవదు, మహాజ్ఞాని అవుతుంది అని మనిద్దరం మురిసిపోయాం. ఆ మహాజ్ఞానం ఏమిటో దానికి రెండున్నరేళ్లు వచ్చాక తెలిసింది.

అక్క పనిచేసే చొక్కాల షెడ్డు నువ్వు చూశావు. కాజాలు కుట్టే మిషన్లు వరసగా పన్నెండు. అక్కది కిటికీ వైపు నుంచి మూడోది. పిచ్చుక దాని కింద కూర్చుని, అరచెయ్యి మిషను ఇనప కాలికి ఆనించి ఆడుకుంటుంది. మిషను అదురుతున్నంతసేపూ తన పని తనది. అదురు ఆగిందంటే తలెత్తి వాళ్లమ్మ మొహం చూస్తుంది. పక్క మిషను పెద్దమ్మ ఒకరోజు ఈ సంగతి కనిపెట్టి, ఒసే, నీ కూతురు నిన్ను చెవితో కాదే, చేత్తో వింటోంది, ఆసుపత్రికి తీసుకుపో అందట.

సర్కారు పిల్లల ఆసుపత్రిలో ఉరుము డాక్టరమ్మ ఉందిగా. ఆవిడ మాట్లాడితే వరండాలో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయి. అక్క మొదట ఆ వరండా బల్ల మీద మూడు గంటలు కూర్చుని సర్కారుని తిట్టింది. నువ్వు వాదించిన ఆ గుడ్డ కప్పిన మిషను కూడా అక్కడే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ డాక్టరమ్మ పిల్ల వెనక నిలబడి రెండు స్టీలు గిన్నెలు ఠంగున కొట్టి, ఇంకో గది నుంచి అరువు తెచ్చిన మిషనుతో పరీక్ష చేసి, చెవి లోపల చిన్న పరికరం పెట్టి కుట్టే ఆపరేషన్ ఉంది, ఐదేళ్ల లోపు అయితే మాటలు కూడా వస్తాయి అని చెప్పి, డైరీ తీసి తేదీ రాసిచ్చింది. అంతే. ఒక డాక్టరు, రెండు గిన్నెలు, ఒక డైరీ.

ఆ తేదీ రాకముందే సర్కారు వారు పథకాన్ని మీ కంపెనీకి అప్పగించేశారు. ప్రీమియం సర్కారు కడుతుంది, తక్కినదంతా కంపెనీ చూసుకుంటుంది. గోడకి నోటీసు అంటించిన రోజున డాక్టరమ్మ అక్కతో అందట, నా కళ్లు ఇంక చాలవటమ్మా, వాళ్ల కాగితం వస్తేనే నేను కత్తి పట్టుకోవాలట, పో, వెళ్లి ఆ కాగితం పట్రా అని.

నేనేమో చంకలు గుద్దుకున్నాను. అక్కా, నీకు భయం లేదే, ఆ కాగితం ఇచ్చే బల్ల దగ్గర కూర్చున్నది మన వకీలే అన్నాను. అక్క ఆ రోజు నీ కోసం ఒక చొక్కా కూడా కుట్టింది. అది ఇప్పుడు బావ తొడుక్కుని వ్యాను కడుగుతున్నాడు.

దరఖాస్తు పెట్టేనాటికి పిచ్చుకకి మూడేళ్ల పది నెలలు. పుట్టిన తేదీ కాగితం పంపలేదని మొదటి క్వెరీ. పంపాం. ఫోటోలో పిల్ల పక్కన ఉన్నావిడ తల్లేనని రుజువు కావాలని రెండోది. అదీ పంపాం. మూడోది ఇంకా గొప్పది. ఈ చెవుడు పాలసీ మొదలవకముందు వచ్చిందా, తరవాత వచ్చిందా? పుట్టుచెవుడు పాలసీ తేదీ కనుక్కుని రావాలా? ఒక్కో ప్రశ్నకి మధ్య నెల, రెండు నెలలు. అన్నీ ఒకేసారి అడగొచ్చు కదా అని నీకు ఫోన్ చేస్తే, రూలు అలా లేదురా, ఒకటి తేలాకే ఇంకోటి అన్నావు. నీ గొంతులో అప్పటికింకా సిగ్గు ఉండేది.

ఇక నాలుగో క్వెరీ. దాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. మీ కంపెనీ నుంచి ఒకావిడ అక్కకి ఫోన్ చేసి, లబ్ధిదారుతో స్వయంగా మాట్లాడి నిర్ధారించుకోవాలి, పాపకి ఫోన్ ఇవ్వండి అంది. అక్క నెమ్మదిగా, అమ్మా, దానికి వినపడదు, దరఖాస్తు అందుకే అంది. అది మాకు తెలుసండీ, ఒక్క నిమిషం ఫోన్ ఇవ్వండి చాలు, మాట్లాడకపోతే మాట్లాడలేదని రాసుకుంటాం అందిట ఆవిడ. అక్క మిషను ఆపి, ఫోను పిచ్చుక చెవికి ఆనించింది. ఆవిడ గొంతుకి ఫోను అదురుతోంది కదా, పిల్ల నవ్విందట. లబ్ధిదారు సహకరించలేదు అని మీ రికార్డులో రాశారు. ఆ రోజే నేను నీతో మాట మానేశాను.

ఐదోది: మూడు నెలల లోపు చేసిన కొత్త చెవి పరీక్ష కాగితం కావాలి, పదిహేను రోజుల్లో. అక్క రెండు రోజులు పని మానేసి వరసలో నిలబడి పరీక్ష చేయించింది. ఉత్తరం రాసే పని చదువుకున్న తమ్ముడిది. రాశాను చూడు, నాలుగు పేజీలు! మీ కంపెనీ జన్మలో అలాంటి జవాబు చూసి ఉండదు. లబ్ధిదారుతో మాట్లాడదలచిన మీ ఉద్యోగిని గారికి చెవుడు ఉందో లేదో నిర్ధారించే కాగితం జతపరచవలసిందిగా కోరాను. పోస్టు చెయ్యడానికి ముందు టీ బడ్డీ దగ్గర మన పాత బ్యాచి మొత్తానికి చదివి వినిపించాను. టీ బడ్డీ ఓనరు కూడా పొట్ట పట్టుకున్నాడు. మళ్లీ చదువు, మళ్లీ చదువు అని రెండుసార్లు చదివించారు. అదే పూట రిజిస్టరు పోస్టు చేశాను. రసీదు ఇప్పటికీ ఉంది.

ఆ తరవాత నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. ఎత్తలేదు. నా జవాబు నీకు తగలాల్సిన చోట తగిలిందనుకున్నాను. పదహారో రోజున నీ సంతకంతో ఆ వాక్యం వచ్చింది. పూర్తి సమాచారం అందనందున. అక్కకి చదివి చెబితే, ఏం తక్కువైందిరా, అన్నీ పంపాం కదా అంది. వాళ్లంతే అక్కా, మూసెయ్యాలనుకున్నవాడికి ఏదో ఒకటి తక్కువవుతుంది అన్నాను.

అక్క ఊరుకోలేదు. పిల్లని చంకనేసుకుని మీ ఆఫీసుకి వచ్చి, అద్దాల గది ముందు నిలబడి నిన్ను కడిగేసింది. నా చేత్తో అన్నం పెట్టాను నీకు, తమ్ముడా అని పిలిచాను, నా పిల్ల నోరు కట్టేశావు కదరా అని. చివరికి నువ్వన్నది ఒక్కటే మాట, మీ తమ్ముణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపండక్కా అని. ఎందుకురా? వచ్చి నీ కాళ్లు పట్టుకోవడానికా? ఆ తరవాత ఇంకో రెండుసార్లు కూడా అదే కబురు. అక్క కూడా వెళ్లరా, ఏమంటాడో విను అని బతిమాలింది. వాడి గుమ్మం తొక్కను పొమ్మన్నాను. మూడు నెలలకి పిచ్చుకకి ఐదేళ్లు నిండాయి. ఈ ఆపరేషన్‌కి పథకం ఐదేళ్ల లోపువాళ్లకే, కొత్త దరఖాస్తుకీ దారి పోయింది.

అప్పుడే నిశ్చయించుకున్నాను. మిమ్మల్ని నోటితో తిట్టి లాభం లేదు. మీ కాంట్రాక్టు ఏ బల్ల మీదుగా నడుస్తుందో ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. పరీక్ష రాశాను. జీవితంలో మొట్టమొదటిసారి నిజంగా చదివి రాసిన పరీక్ష అదే. జూనియర్ అసిస్టెంటు. నా పైన సూపరింటెండెంటు, ఆయన కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కాగితం మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతాడు.

ఐదు నెలల క్రితం మీ రెన్యువల్ దరఖాస్తు వచ్చింది. మా రూలు పుస్తకం తిరగేస్తే ఏముందనుకున్నావు? కార్యాలయం క్వెరీ వేయవచ్చు, కంపెనీ పదిహేను రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు మూసివేయవచ్చు. ఆ పేజీకి దణ్ణం పెట్టుకున్నాను. ఒకేసారి అన్నీ అడగాలని ఎక్కడా లేదు. రూలు అలా లేదురా. ఒకటి తేలాకే ఇంకోటి.

మీ ఆఫీసు అద్దె కాగితం అడిగాను. పంపారు. మీ మేడ మెట్లు చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు ఎక్కగలరా అని అడిగాను. రంగు ఫోటో పంపారు. ఆ ఫోటోలో ఉన్నది మీ మెట్లేనని రుజువు అడిగాను. నాలుగో క్వెరీలో మీ మేనేజరు గారితో స్వయంగా ఫోన్లో మాట్లాడి నిర్ధారించుకోవాలన్నాను. ఆయన లైన్లోకి వచ్చాక నేను ఒక నిమిషం మాట్లాడకుండా ఊరుకుని, మేనేజరు సహకరించలేదు అని రాసుకున్నాను. సూపరింటెండెంటు కళ్లజోడు కిందికి దింపి నా వైపు చూశాడు. నీకు వాళ్లంటే ఏదో ఉందోయ్ అన్నాడు. ప్రజాసేవండీ అన్నాను.

ఐదోది ఒకే ఒక కాగితం అడిగాను. ఒక్కో పిల్లకి ఎన్నెన్ని క్వెరీలు వేశారో, ఎన్ని రోజులు పట్టిందో పట్టిక, మీ సంతకంతో. పదిహేను రోజుల్లో. పద్నాలుగో రోజున మీ దగ్గర్నుంచి అట్ట కట్టిన పుస్తకం వచ్చింది. బంగారు అక్షరాలు. లోపల చిరునవ్వులు, రంగు బొమ్మలు, పిల్లలే మా ప్రాణం అని వ్యాసాలు. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. అన్నీ ఉన్నాయి, అడిగిన ఆ ఒక్క కాగితం లేదు! మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు తిప్పాను. జవాబు మాత్రం బ్రహ్మాండం, జత నిల్. ఇంత బరువైన జవాబు రాసి అసలు కాగితం పెట్టని మహానుభావుణ్ణి ఏమనాలిరా? మా సూపరింటెండెంటు మాత్రం నవ్వలేదు. కంపెనీ పోతే మధ్యలో ఉన్న పిల్లలేమవుతారోయ్, అది చూశావా అన్నాడు. చూశాను. డాక్టరమ్మని అడిగాం. మిషను బాగుచేయించి ఇంకోటి ఇవ్వండి, ముగ్గురు నర్సుల్నివ్వండి, తేదీలు నేనిస్తాను, క్వెరీలు మాత్రం నా దగ్గరికి పంపకండి అని ఉరిమింది. పై నుంచి సరే అని వచ్చింది. నిన్న నాలుగున్నరకి సంతకం అయింది.

ఇప్పుడు నీతో పని. నెలాఖరులోగా మీ దగ్గర తెరిచి ఉన్న పిల్లల ఫైళ్లన్నీ మాకు అప్పగించాలి. వాటిని ఇప్పటి వయసుతో కాదు, దరఖాస్తు పెట్టిన తేదీతో చూస్తారు. మూసిన ఫైళ్లు మాత్రం మీ నేలమాళిగలోనే ఉండిపోతాయి. పిచ్చుకకి ఆరేళ్ల మూడు నెలలు. ఇది ఆలస్యమే, అందరు పిల్లల్లా మాటలు వస్తాయని చెప్పలేను, కానీ ఏడు లోపు తెస్తే ఎంతో కొంత లాక్కొస్తాను అంది డాక్టరమ్మ. మూసిన ఫైలుని తెరిచే అధికారం మూసినవాడికే ఉంది. అంటే నీకు.

అందుకని శ్రీ వకీలు గారు తెల్లకాగితం మీద, ఈ ఫైలుని నేను అన్యాయంగా మూశాను అని సొంత దస్తూరీతో రాసి, సంతకం పెట్టి, ముప్పయ్యో తేదీలోగా ఫైలు తెరిచి పంపవలెను. ఆ కాగితాన్ని పటం కట్టించి మా అక్క మిషను ఎదురుగా గోడకి తగిలిస్తాను. నీ ఉద్యోగం ఎలాగూ ఉండదు. పోతూ పోతూ ఒక్క నిజం రాసి పో. రాయకపోతే, మీ పాత ఫైళ్లు ఒక్కొక్కటే తీసి క్వెరీలు వెయ్యడానికి నాకు ముప్పయ్యేళ్ల సర్వీసు ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఓదార్పు బహుమతి విజేత

తాజా కలం:
శనివారం.

ఒరేయ్, పైదంతా బుధవారం రాశాను. కవరు అంటించలేదు. గురువారం మీ నేలమాళిగకి ఫైళ్ల జాబితా రాసుకోవడానికి నేనూ సూపరింటెండెంటూ వచ్చాం. నువ్వు సెలవు పెట్టావన్నారు. నయమైంది.

మూసినవాటి అరలో అక్క ఫైలు దొరికింది. ఆయన అటు తిరిగినప్పుడు తెరిచాను. నా నాలుగు పేజీలూ వరసగా గుచ్చి, నంబర్లు వేసి ఉన్నాయి. మూడో పేజీ పక్కన పెన్సిలుతో సన్నగా, బాగా రాశాడు వెధవ అని నీ దస్తూరీ. కింద ఎర్రసిరాతో, జవాబు అందినది, చెవి పరీక్ష కాగితం జతలో లేదు. ఆ కింద మూడు తేదీలు, ఫోన్ చేశాను, ఎత్తలేదు. చివరి కాగితం మీ మేనేజరుకి నువ్వు పెట్టుకున్న నోటు. ఆ కాగితం ఎప్పుడు వచ్చినా, అదే తేదీదైనా సరే, ఈ ఫైలు తెరవడానికి అనుమతించగలరు. ఆయన సరే అని సంతకం పెట్టాడు. గడువుల మీద బతికే నువ్వు గడువు రాయకుండా రాసిన కాగితం అదొక్కటేనేమో.

వకీలూ, ఆ కాగితం నా దగ్గరుంది. టీ బడ్డీ దగ్గర నా పాండిత్యం చదివి వినిపించే హడావిడిలో నాలుగు పేజీలూ కవర్లో పెట్టాను, అక్క రెండు రోజులు నిలబడి తెచ్చిన ఆ ఒక్కటీ చిత్తుప్రతుల మధ్య ఉండిపోయింది. పంతొమ్మిదో రోజున కనపడింది. అప్పటికి మీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. అక్కకి చెప్పడానికి నోరు రాలేదు. నీ దగ్గరికి పంపండని నువ్వు కబురు పెట్టిన ప్రతిసారీ ఎందుకో నాకు తెలుసు. గుమ్మం తొక్కనన్నది పౌరుషం కాదు. ఆ కాగితం ఇన్నాళ్లూ ఆ గోడ గడియారం వెనక దాచాను. రోజూ టైము చూసేవాణ్ణి.

మా అక్క నిన్ను అన్ని మాటలన్నా, మీ తమ్ముడే కాగితం పెట్టలేదండి అన్న ఒక్క మాట నువ్వనలేదు. నీ మీద పగ పట్టడానికి నాకు మిగిలిన ఆఖరి కారణం కూడా లేకుండా చేశావు, దుర్మార్గుడా.

మీ కంపెనీ మీద పగ మాత్రం పగే. అది వెనక్కి తీసుకోను. ఒక పిల్ల వినడం ఒక వెధవ తమ్ముడి కవరు మీద ఆధారపడేలా కట్టిన దుకాణం అది. రెండు గిన్నెలతో తేలిన సంగతికి పదకొండు నెలలు తిప్పింది. నాణెం ఇంకోలా పడి ఉంటే ఆ బల్ల దగ్గర నేనుండేవాణ్ణి. పెన్సిలుతో మెచ్చుకునేవాణ్ణో లేదో తెలియదు. ఇంకొక్కటి. బంగారు అక్షరాల పుస్తకంలో ఆ పట్టిక లేకపోవడం నీ చేతి పనే అని నాకు అనుమానం. నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. అడగను. క్వెరీలు వెయ్యడం మానేశాను.

నిన్న అక్కకి చెప్పేశాను. షెడ్డులోనే, మిషను ముందు. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. మిషను ఆపింది. పిచ్చుక తలెత్తి చూసింది. అక్క నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయి, చొక్కా మడతలు తీసినట్టు దాని మడతలు తీసింది. తనే కవర్లో పెట్టింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. ఇవాళ అన్నం కూడా బావ చేతే పెట్టించింది. పగ ఎలా తీర్చుకోవాలో మా ఇంట్లో నాకంటే బాగా తెలిసినవాళ్లున్నారు.

ఆ అన్యాయంగా మూశాను అన్న కాగితం నువ్వు రాయకు. ఫైలు తెరిస్తే చాలు. ముప్పై లోపల.

జత: చెవి పరీక్ష కాగితం ఒకటి. ఈసారి ఉంది. అంటించే ముందు రెండుసార్లు చూశాను. నన్ను నమ్మక, అక్క మూడోసారి చూసింది.